నాలుగు చుట్లు కాదు, పాతిక చుట్లు!

ఎ.కొండూరు: తెల్లవారుజామున మైలవరం-తిరువూరు రోడ్డు మీద కుర్రవాడెవరైనా పరుగెడుతూ కనిపిస్తే, పోలీసు సెలక్షన్లు దగ్గర పడ్డాయి కాబోలు అనుకుంటారు చూసినవారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానిస్టేబులు ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద అది నాలుగు చుట్లు. మెట్ట పల్లెల్లో పరుగంటే చాలామందికి ఈ నాలుగు చుట్లే.

ఉద్యోగంతో నిమిత్తం లేని పరుగు కూడా ఒకటుంది. హైదరాబాదులో 2011లోనూ, విశాఖ సాగరతీరాన నౌకాదళం పూనికతో 2014లోనూ మారథాన్ పోటీలు మొదలయ్యాయి. అసలు మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఆ దూరాన్నే 1921లో ఖాయం చేశారు. కొత్తవారు అంత దూరం జోలికి పోనక్కరలేదు. ఈ పోటీలతో పాటే 10 కిలోమీటర్ల పరుగు కూడా పెడతారు. అదీ తక్కువేమీ కాదు, పాతిక చుట్లు!

చిత్రమేమిటంటే, నాలుగు చుట్లు జోరుగా కొట్టేవాడే ఇక్కడ ముందు చతికిలబడతాడు. ఊపిరి బిగబట్టి దూసుకుపోవడం అతనికి అలవాటు. దూరపు పరుగుకు ఆ అలవాటు పనికిరాదు. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి. మాట తెగిపోతోందంటే జోరు ఎక్కువైనట్లే. మొదటి వారాల్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చాలు. వారానికి మూడు రోజులు, అందులో ఒక రోజు కొంచెం ఎక్కువ దూరం. పగలంతా మిరపకోతకో, మామిడి కోతకో వెళ్లివచ్చినవాడు ఆ సాయంత్రం పరుగు మానేసినా నష్టం లేదు. ఆ కష్టం కూడా లెక్కలోకి వస్తుంది.

బీహారుకు చెందిన శివనాథ్ సింగ్ ఉత్త కాళ్లతో పరుగెత్తి పేరు తెచ్చుకున్నాడు. 1978లో జలంధరులో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించాడు. నలభై ఏళ్లకు పైగా ఆ భారత రికార్డును ఎవరూ చెరపలేకపోయారు. అలాగని గాజుపెంకులున్న తారు రోడ్డు మీద అలవాటు లేని కాళ్లతో దిగడం తెలివి కాదు. పాదానికి సరిపడే మామూలు బూట్లు ఉంటే చాలు.

బూట్ల కన్నా ముందు చూసుకోవలసింది మరొకటి ఉంది. ఎ.కొండూరు మండలంలో అది ఇంకా ముఖ్యం. ఇక్కడి తండాల్లో ఎన్నో ఇళ్లను కిడ్నీ జబ్బు కుంగదీసింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ ఇదే గోడు. కారణం ఫలానా అని తేలలేదు. బోరునీటిలోని ఫ్లోరైడు, సిలికా మీద కొందరికి అనుమానం. నీళ్లు తాగకుండా ఎండలో గంటల తరబడి పనిచేయడం మీద, నొప్పి మాత్రల వాడకం మీద కూడా వైద్యులకు అనుమానం ఉంది. పరుగు నేర్చుకునేవాడికి ఎండ, దాహం, కాళ్ల నొప్పులు ఎలాగూ తప్పవు. నొప్పి రాగానే చెయ్యి మాత్ర మీదికే పోతుంది.

ఆ మాత్ర సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 80 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నవారి మీద జరిపిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. ఇబుప్రొఫెన్ వేసుకున్నవారిలో నూటికి 52 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి 34 మందికి కిడ్నీలకు అప్పటికప్పుడు దెబ్బ తగిలింది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందడమే కష్టం. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటివి ఆ దారిని మరింత ఇరుకు చేస్తాయి. అందుచేత పరుగుకు ముందు గానీ, వెంటనే తరువాత గానీ వాటి జోలికి పోరాదు. నొప్పి పుడితే రెండు రోజులు ఆగాలి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి, మందుల షాపులో అడిగి మాత్ర కొనుక్కోకూడదు.

పరుగు మొదలుపెట్టే ముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రం, రక్తపోటు పరీక్షలు చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే ఈ పని వాయిదా వేయరాదు. ఫలితం బాగా లేకపోతే పరుగు సంగతి డాక్టరు చెప్పాకే.

ఎండ ఎక్కకముందే పరుగు ముగించాలి. దాహం వేసినప్పుడల్లా మంచినీళ్లు తాగాలి. దాహం లేకపోయినా బిందెడు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి, అదీ ప్రమాదమే. ఎక్కువ దూరం పోయిన రోజున ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలుపుకోవచ్చు. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు దాన్ని కూడా అడిగే తాగాలి. మూత్రం ముదురు రంగులో వస్తే నీళ్లు చాలలేదని గుర్తు. టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఆస్పత్రికి వెళ్లవలసిందే.

హైదరాబాదు పోటీ ఆగస్టులో జరుగుతుంది. దానికి తయారు కావాలంటే రోహిణి కార్తె ఎండల్లో పరుగెత్తాలి. కొత్తవారికి విశాఖే అనుకూలం. ఇటీవలి ఏళ్లలో అక్కడి పోటీ నవంబరు, డిసెంబరు నెలల్లో జరుగుతోంది. వానలు పడి నేల చల్లబడ్డాక, జూలై ఆఖరులో మొదలుపెట్టినా మూడు నెలలకు పైగా వ్యవధి దొరుకుతుంది.