మిఠాయి ముందు పావుగంట

ఎదురుగా ఓ మిఠాయి. ‘ఇప్పుడే తింటే ఒకటే. నేనొచ్చేదాకా ఆగితే రెండు’ అని చెప్పి పెద్దాయన బయటికెళ్తాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందుంటారట! అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో మొదలుపెట్టిన ఈ పరీక్షను నమ్మి, ఆగలేని పిల్లాణ్ని ‘వీడింతే’ అనేసే తల్లిదండ్రులూ ఉన్నారు.

ఉస్మానియాలో సైకాలజీ చదివేవాళ్లు పరిశోధన పద్ధతులూ నేర్చుకుంటారు. వ్యాసం చేతికొస్తే మొదట్లోని సారాంశంతో ఆగకూడదు. ‘పద్ధతి’ అన్న భాగం తెరవాలి. ఎవరిని పరీక్షించారు? ఎంతమందిని? గుట్టంతా అక్కడే. మిషెల్ చూసింది స్టాన్‌ఫర్డ్ క్యాంపస్ నర్సరీ పిల్లల్ని. ఉస్మానియా క్వార్టర్స్‌లో కొద్దిమంది ప్రొఫెసర్ల పిల్లల్ని చూసి, తార్నాక సందుల్లో పిల్లలందరికీ జాతకం చెప్పినట్టన్నమాట!

2018లో టైలర్ వాట్స్, మరో ఇద్దరు 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ లెక్కేశారు. మిఠాయి కోసం ఆగడానికీ, పదిహేనేళ్లప్పటి చదువుకీ సంబంధం ఉంది కానీ పాతదాంట్లో సగమే. ఇంటి పరిస్థితులూ, చిన్నప్పటి తెలివితేటలూ కలిపి చూస్తే అందులోనూ మూడింట రెండొంతులు కరిగిపోయింది.

ఇంకో ముచ్చట. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓ వ్యాసం అచ్చేశారు. ముందే మాట తప్పిన పెద్దవాళ్లు మళ్లీ ‘ఆగు’ అంటే పిల్లలు ఆగింది సగటున మూడు నిమిషాలే. మాట నిలబెట్టుకున్నవాళ్ల కోసమైతే పన్నెండు! వినడానికి బాగుంది కదూ. ‘పద్ధతి’ తెరిచి చూడండి... అందులో పిల్లలు 28 మందే.