పెరటిలో నీటి మూకుడు

వైశాఖమాసములో ఒక వెడల్పాటి మట్టి మూకుడును నీటితో నింపి, సింహాచలం కొండ దిగువనున్న మా ఇంటి పెరటిలో వేపచెట్టు నీడన ఉంచితిని. నాలుగు దినముల వరకు కాకి తప్ప ఏ పక్షియు దానివంక చూడలేదు. ఐదవనాడు పిగిలిపిట్ట వచ్చినది. తరువాత గోరువంకలు, గువ్వలు, ఉడుతలు.

పక్షులకు స్వేదగ్రంథులు లేవు. ఎండవేళ కాకి నోరు తెరచి రొప్పుట మీరు చూచియే యుందురు. గొంతులోని తడి ఆవిరియగుచు శరీరపు వేడిని తీసికొనిపోవును. విశాఖ వంటి సముద్రతీరమున గాలిలో తేమ ఎక్కువ. తడి త్వరగా ఆరదు, వేడి తేలికగా పోదు.

నీరు త్రాగు తీరు చూడుడు. కాకి, గోరువంక ముక్కుతో కొంచెము నీరు ముంచుకొని, తల పైకెత్తి మింగును. నీరు గొంతులోనికి జారవలెను గదా! గువ్వ తల ఎత్తదు. ముక్కు నీట ముంచి, పశువు త్రాగినట్లు ఏకధాటిగా పీల్చును. పావురముల కుటుంబమంతయు ఇంతే. ఈ తేడా తరగతిలో అడిగినచో ఒక్కరును చెప్పలేకపోయిరి; మూకుడు పెట్టువరకు నేనును గమనించలేదని ఒప్పుకొనవలెను.

గోరువంక ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. ఆస్ట్రేలియాలో పెరటి కొలనుల వద్దకు రాత్రివేళ పోసమ్ అను జంతువు వచ్చును. అది పిల్లను పొట్టసంచిలో పెంచు జాతి. ఆ దేశమునకు మన గోరువంకను, పురుగులను తినునని, 1862లో కొనిపోయి మెల్‌బోర్న్‌లో వదలిరి. నేడది చెట్టుతొర్రలను ఆక్రమించి, అచ్చటి చిలుకలకును, తొర్రలలో నివసించు చిన్న సంచిజంతువులకును చోటు లేకుండ చేయుచున్నది. ఇచ్చట ముద్దుగా తోచు పక్షి అచ్చట పీడ.

మూకుడు పెట్టువారు దోమను మరువరాదు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమ పాత్ర లోపలిగోడకు, నీటి అంచున గ్రుడ్లు పెట్టును. ఎండినను అవి నెలల తరబడి చావవు. మరల నీరు తగిలినచో పిల్లపురుగులు వెలువడి, వారము పది దినములలో దోమలగును. కనుక నీరు పారబోసిన చాలదు; రెండు దినములకొకసారి కొబ్బరిపీచుతో గోడను గట్టిగా రుద్ది కడుగవలెను. లోతు రెండంగుళములు చాలును. నడుమ ఒక గరుకురాయి ఉంచినచో చిన్నపిట్టలు దానిపై నిలిచి స్నానమాడును.

ఒకనాటి ఉదయము మా మూకుడు వద్దకు ముంగిస వచ్చి నీరు త్రాగి పోయినది. ఆనాడు మధ్యాహ్నము వరకు ఒక్క పిట్టయు క్రిందికి దిగలేదు.