నక్షత్రాలు పుట్టించడం మానేసిన చిన్న గెలాక్సీ

గెలాక్సీకి ముడిసరకు హైడ్రోజన్ వాయువు. అది చల్లబడి, దగ్గరకు కుంచించుకుంటేనే నక్షత్రం పుడుతుంది. విశ్వం తొలిరోజుల్లో ఈ వాయువుకు కొదవ లేదు. అయినా అప్పటి ఓ చిన్న గెలాక్సీ ఉన్నట్టుండి నక్షత్రాలను పుట్టించడం మానేసింది. ఎందుకు? కేంబ్రిడ్జ్ పరిశోధకుడు టోబియాస్ లూజర్, ఆయన సహచరులు 2024లో ‘నేచర్’ జర్నల్‌లో ప్రచురించిన పేపర్ లేవనెత్తిన ప్రశ్న ఇది. భౌతికశాస్త్రం చదువుతూ రీసెర్చ్ వైపు చూస్తున్నారా? అయితే ఇది మీ సిలబస్‌కు దూరమేమీ కాదు.

ఆ గెలాక్సీ పేరు జేడ్స్-జీఎస్-జడ్7-01-క్యూయూ. (పేర్లు పెట్టడంలో ఖగోళ శాస్త్రవేత్తలకు పెద్ద ఓపిక ఉండదు!) జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు కనిపించింది బిగ్‌బ్యాంగ్ తర్వాత సుమారు 70 కోట్ల ఏళ్లనాటి దాని రూపం. అందులోని నక్షత్రాల ద్రవ్యరాశి మన పాలపుంతలోని వాటిలో దాదాపు వందో వంతు.

లేని గీతలే ఆధారం

కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు చుట్టూ ఉన్న వాయువును వేడెక్కిస్తాయి. అప్పుడు ఆ గెలాక్సీ వర్ణపటంలో హైడ్రోజన్, ఆక్సిజన్‌ల ప్రకాశవంతమైన గీతలు కనిపించాలి. ఇక్కడ అవి లేవు. దాన్నిబట్టి లెక్కగడితే తేలింది ఇదీ: 3 నుంచి 9 కోట్ల ఏళ్లపాటు జోరుగా నక్షత్రాలు పుట్టాయి, మనకు కనిపిస్తున్న సమయానికి 1-2 కోట్ల ఏళ్ల ముందు అంతా ఆగిపోయింది. విశ్వం లెక్కల్లో ఇది రెప్పపాటు కాలమే.

పలాయన వేగం ఎక్కడ పనికొస్తుంది?

ఇంటర్వ్యూలో పలాయన వేగం గురించి అడిగితే మనం రాకెట్, 11.2 కి.మీ. అని చెప్పి ఊరుకుంటాం. అదే సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. సూర్యుడు ఉన్న చోటు నుంచి పాలపుంతను దాటిపోవాలంటే సెకనుకు 500 కి.మీ. పైనే వేగం కావాలి. చిన్న గెలాక్సీకి అంత పట్టు ఉండదు. ఒకేసారి పుట్టిన భారీ నక్షత్రాలు ఒకదాని వెంట ఒకటి సూపర్‌నోవాలుగా పేలితే ఆ తాకిడికి వాయువు బయటికి కొట్టుకుపోతుంది. అంటే, ఎక్కువ నక్షత్రాలను కనడమే దాని కొంప ముంచిందన్నమాట. మధ్యలో కృష్ణబిలం ఉంటే అదీ ఈ పని చేయగలదు.

ఇంకో కారణమూ ఉంది. తొలి నక్షత్రాల అతినీలలోహిత కాంతి గెలాక్సీల మధ్యనున్న వాయువును వేలాది డిగ్రీలకు వేడెక్కించింది. వేడెక్కిన వాయువును మరీ చిన్న గెలాక్సీలు లోపలికి లాక్కోలేవు. పాలపుంత చుట్టూ ఉన్న అతి మసక మరుగుజ్జు గెలాక్సీలను హబుల్‌తో పరిశీలిస్తే, వాటి నక్షత్రాల్లో చాలావరకు 1,200 కోట్ల ఏళ్లకు ముందే పుట్టినవని తేలింది. ఆ తర్వాత అవి మళ్లీ కోలుకోలేదు. కానీ మన గెలాక్సీ వాటికంటే ఎన్నో రెట్లు పెద్దది. అందుకే ఈ ఒక్క కారణం దానికి సరిపోదనిపిస్తుంది.

అసలు అది శాశ్వతంగా ఆగిందా, తాత్కాలికమా? బయటికి పోయిన వాయువు చల్లబడి మళ్లీ లోపలికి పడితే నక్షత్రాలు తిరిగి పుట్టొచ్చు. మనం చూస్తున్నది ఒక్క క్షణం ఫొటో కాబట్టి ఆ ఒక్క గెలాక్సీతో ఇది తేలదు. ఇలాంటివి మరెన్నో వెతికి లెక్కపెట్టాలి.

ఆ వెతుకులాటకు డేటా అందుబాటులోనే ఉంది. జేడ్స్ సర్వే విడుదల చేసిన వర్ణపటాలను ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పైథాన్, ఆస్ట్రోపై వస్తే ల్యాప్‌టాప్‌లోనే గీతలు కొలవొచ్చు. పీహెచ్‌డీ చేయాలనుకుంటే పుణెలోని అయుకా, బెంగళూరులోని ఐఐఏ లాంటి సంస్థలున్నాయి. వీటికి జెస్ట్ లాంటి పరీక్షలు, ఆపై ఇంటర్వ్యూ ఉంటాయి. నోటిఫికేషన్ వచ్చేలోపు ఒక్క వర్ణపటమైనా మీ చేత్తో గీసి చూడండి.