తాతల పేర్లు ఏ లెక్కలో ఉన్నవి?

బెళ్ళందూరులోను, దాని చుట్టుపక్కల వర్తూరు, మారతహళ్ళి ప్రాంతములలోను కాపురములు పెట్టిన మన నేత కుటుంబములు నేడు కొద్ది కాదు. ధర్మవరము, హిందూపురము, కదిరి, వెంకటగిరి వంటి ఊళ్ళలో తండ్రులు మగ్గము మీద కష్టించి చదివించిన పిల్లలు అచ్చట కంప్యూటరు కొలువులు చేయుచున్నారు. వారిలో పలువురు ఈ మధ్య మన సంఘమును ఒక ప్రశ్న అడుగుచున్నారు. విదేశములలోని తమ తోటి ఉద్యోగులు నూరేండ్ల నాటి జనాభా లెక్కలు తెరచి ముత్తాత పేరు, అతని వృత్తి, ఆ ఇంటి పిల్లల వయస్సులు కూడ చూచుకొనుచున్నారట. మనకు అట్టి సదుపాయము కలదా? 1901లోనో 1911లోనో మా అబ్బ ఏ ఊరిలో మగ్గము నేయుచుండెనో ఆ లెక్కలలో చూడవచ్చునా? ఇదీ వారి ప్రశ్న.

చూడవీలులేదు. ఈ మాట ముందుగానే చెప్పివేయుట మంచిది. ఏలనన, పాత జనాభా లెక్కల నుండి వంశవృక్షము తీసి యిత్తుమని చెప్పి సొమ్ము అడుగువారు ఎవరైన తటస్థించినచో మనవారు మోసపోరాదు. అయితే ఎందుకు వీలులేదో, వీలున్నంతలో ఏమి దొరకునో, ఇకమీదనైన ఏమి చేయవలెనో తెలిసికొనుట అవసరము.

మన పెద్దలను ఎవరును లెక్కింపలేదనుకొనరాదు. లెక్కించిరి, పేరు పేరున వ్రాసికొనిరి. మైసూరు సంస్థానములో 1871లోనే జనాభా లెక్కలు జరిగినవి. దేశమంతట ఒకే రాత్రి లెక్కించుట 1881 ఫిబ్రవరి 17న మొదలైనది. అటుపిమ్మట పదేండ్లకొకసారి ఆ పద్ధతియే సాగినది. గణకుడు కొన్ని దినములు ముందుగా ఇల్లిల్లు తిరిగి నల్లసిరాతో ఫారము నింపెడివాడు. లెక్కల రాత్రి మరల వచ్చి, పుట్టినవారిని చేర్చి, పోయినవారిని కొట్టివేసి, ఎర్రసిరాతో సరిదిద్దెడివాడు. పేరు, మతము, వయస్సు, పెండ్లి అయినదా లేదా, కులము, వృత్తి, పుట్టిన జిల్లా, మాటలాడు భాష, చదువు వచ్చునా అను గడులు ఆ ఫారములో ఉండెడివి. అనగా దీపము పెట్టుకొని కండెలు చుట్టుకొనుచున్న ఒకానొక ఇంటిముందు గణకుడు నిలిచి, ఆ ఇంటివారి పేర్లన్నియు వ్రాసికొనినాడన్నమాట.

ఆ పిదప ఏమైనది? 1901 నుండి మనిషికొక చీటీ చొప్పున ఫారములోని వివరములు ఎత్తివ్రాసి, చీటీలను కుప్పలుగా వేరుచేసి, జిల్లాకింత, తాలూకాకింత అని మొత్తములు కట్టిరి. మొత్తములు అచ్చుపుస్తకములలోనికి ఎక్కినవి. పేర్లున్న ఫారములను, చీటీలను పని ముగిసిన పిమ్మట నాశనము చేసిరి. బట్ట నేసి పడుగు కొసలు కత్తిరించి పారవేసినట్లే జరిగినది. సర్కారుకు కావలసినది మొత్తము. మనకు కావలసినది ఆ కొసలు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948లో వచ్చిన జనగణన చట్టము మరియొక తాళము వేసినది. గణకుడు వ్రాసిన పుస్తకమునుగాని, రిజిస్టరునుగాని, ఫారమునుగాని చూచు హక్కు ఎవరికిని లేదని ఆ చట్టము 15వ సెక్షను చెప్పుచున్నది. సివిలు వ్యాజ్యములలో అది సాక్ష్యముగా కూడ చెల్లదు. కావున కులధృవపత్రము కొరకో, ఆస్తి తగాదా కొరకో జనాభా లెక్కలలో ఆధారము వెదకుట వృథా శ్రమ. ఆ పనికి తండ్రి, తాతల బడి రిజిస్టరు, సహకార సంఘపు సభ్యత్వ పుస్తకము, భూమి కాగితములు ఎక్కువ అక్కరకు వచ్చును.

ఇతర దేశములలోను తాళము లేకపోలేదు, కాని దానికొక గడువున్నది. ఇంగ్లండులో నూరేండ్లు: 1921 నాటి లెక్కలు 2022 జనవరిలో తెరచిరి. అమెరికాలో 72 ఏండ్లు: 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న బయటపెట్టిరి. కెనడాలో 92 ఏండ్లు. ఐర్లండువారు 1901, 1911 నాటి ఇంటింటి ఫారములను ఎవరైనను ఉచితముగా చూచుకొనునట్లు ఏర్పాటు చేసిరి. అంతమాత్రమున వారి పెట్టెలన్నియు నిండుగా ఉన్నవనుకొనరాదు. ఇంగ్లండు 1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదమున కాలిపోయినవి. ఐర్లండులో 1881, 1891 నాటి ఫారములను మొదటి ప్రపంచయుద్ధ కాలమున కాగితపు గుజ్జు చేసివేసిరి. మనకును వారికిని భేదమేమనగా, అచ్చట మిగిలినదానికి తెరచు తేదీ ఒకటి కలదు. మన చట్టములో ఆ తేదీయే లేదు.

ఇందులో ఒక విచిత్రమును మనవారు గమనింపవలెను. 1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది కూలి ఒడంబడికపై నేటాలుకు పోయిరి. వారిలో తెలుగువారు అనేకులు. ప్రతివాని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, ఒంటిమీది మచ్చతో సహా ఓడ రిజిస్టరులో వ్రాసిరి. ఆ రిజిస్టర్లు నిలిచియున్నవి. నేడు దర్బనులోని మునిమనుమడు వాటిని చూచి విశాఖపట్టణపు జిల్లాలోని పల్లెను వెదకుకొనుచు రాగలడు. ఊరు విడిచిపోయినవాని జాడ ఉన్నది. ఊరిలోనే మగ్గపు గుంటలో కాళ్ళుపెట్టుకొని కూర్చున్నవాని జాడ లేదు.

ఇక వీలున్నంతలో దొరకునదేమి? అచ్చయిన జనాభా నివేదికలు 1872 మొదలుకొని జనగణన శాఖవారి డిజిటల్ గ్రంథాలయములో ఉచితముగా దొరకుచున్నవి. వాటిలో పేర్లుండవు; ఊరు, కులము, వృత్తి, వలసలను గురించి ఉండును. కాని చదువునప్పుడు మెలకువ అవసరము.

మొదటి మెలకువ కులనామములను గురించి. 1871 నాటి మద్రాసు నివేదికలో నేతవారినందరిని 'కైక్కోలరు' అను ఒకే శీర్షిక క్రింద కలిపివేసిరి. అరవదేశపు కులనామమును తెలుగు సాలెవారికిని తగిలించిరన్నమాట. మైసూరువారు 'నేయిగ' అను శీర్షిక పెట్టి దేవాంగ, తొగట, సాలె, బిళిమగ్గ, పట్వేగార్, ఖత్రి, సౌరాష్ట్ర మొదలగు శాఖలను దాని క్రింద వేరుగా చూపిరి. మన దృష్టిలో ఇదియే మేలైన పని. ఆ నివేదికలకు ముందే, 1800లో బెంగళూరు వచ్చిన బుకానన్ దొరయు ఇచ్చటి నేతవారిని శాఖలవారీగా పేర్కొని, ఎవరు ఏ బట్ట నేయుదురో వ్రాసికొనెను. కావున 'పద్మశాలి' అను మాట కనబడలేదని పుస్తకము మూసివేయరాదు. దాని మీది శీర్షికలను కూడ చూడవలెను.

రెండవది ఊరి సరిహద్దులను గురించి. అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుండి చీలి ఏర్పడినది. 1881లో బెంగళూరుకు వచ్చి నేయుచున్న ధర్మవరపు మనిషి తన పుట్టిన జిల్లా బళ్ళారి అని చెప్పియుండవలెను. కదిరి 1910 వరకు కడప జిల్లాలో ఉండెను. 2022 నుండి ధర్మవరము, హిందూపురము, కదిరి మూడును శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఇంటిలో "మనది బళ్ళారి సీమ" అని అవ్వ చెప్పగా విని, మనకు బళ్ళారితో ఏమి సంబంధమని పిల్లలు నవ్వుదురు. అవ్వ చెప్పినది తప్పు కాకపోవచ్చును.

బెళ్ళందూరు సంగతియు ఇట్టిదే. పాత దస్తావేజులలో అది వర్తూరు హోబళి, బెంగళూరు దక్షిణ తాలూకా. నేడు అదే హోబళి తూర్పు తాలూకా. జిల్లా 1986లో నగర, గ్రామీణ జిల్లాలుగా విడిపోయినది. 2007లో చుట్టుపక్కల 110 గ్రామములను కలుపుకొని బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడగా, 2025లో దానినే ఐదు పాలికెలుగా విడగొట్టిరి. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు. పుస్తకములో దాని పుట మాత్రము ఇన్నిసార్లు మారినది. ఇంకొక నూరేండ్లకు బెళ్ళందూరులో తన ముత్తాతను వెదకు మనుమడు ఎన్ని పుటలు తిరుగవలసివచ్చునో!

అయితే పేర్లన్నియు వెంటనే బయటపెట్టవలెనని మేము కోరుటలేదు. గోప్యతకు కారణమున్నది. మన పెద్దలకు మగ్గము లెక్కించువాడనగానే మోతర్ఫా పన్ను జ్ఞాపకము వచ్చెడిది. మద్రాసు రాజధానిలో ఆ పన్ను 1861లో పోయినను భయము వెంటనే పోలేదు. చెప్పినది రహస్యముగా ఉండునన్న నమ్మకము లేనిదే ఎవరును నిజము చెప్పరు. అస్సాము సంగతియు చూడుడు. 1951 జనగణన చీటీల నుండి ఎత్తివ్రాసిన పౌరుల పట్టికను అచ్చట 2015లో ప్రజలకు చూపిరి. తాత పేరు అందులో ఉన్నదా లేదా అనుదానిపై పౌరసత్వమే ఆధారపడినది. 2019 ఆగస్టు నాటి తుదిజాబితాలో 19 లక్షలకు పైగా జనులకు చోటు దొరకలేదు. పేరులో ఒక అక్షరము తేడా వచ్చినను సంసారములు చిక్కులపాలైనవి. వంశచరిత్ర కొరకు తెరచిన పుస్తకము వేరు, మెడమీద కత్తిగా పట్టిన పుస్తకము వేరు.

మాకు నచ్చిన పద్ధతి ఆస్ట్రేలియావారిది. వారును చిరకాలము ఫారములను నాశనము చేయుచుండిరి. 2001లో మాత్రము ఫారములోనే ఒక ప్రశ్న చేర్చిరి: మీ వివరములను 99 ఏండ్లు భద్రపరచి, ఆ పిదప తెరచుటకు సమ్మతింతురా? సమ్మతించినవారివి జాతీయ దస్తావేజుశాలలో దాచిరి. కానివారివి ఎప్పటివలె తీసివేసిరి. సగమునకు పైగా ప్రజలు సమ్మతించిరి.

మన దేశమున రాబోవు లెక్కలకు 2025 జూన్‌లో ప్రకటన వెలువడినది. మంచుప్రాంతములు తప్ప దేశమంతటికి 2027 మార్చి 1 ఆధారదినము. ఈసారి వివరములు కాగితముపై గాక యంత్రములోనే ఎక్కించుటకు ఏర్పాటు. 1931 తరువాత మొదటిసారిగా దేశజనగణనలో అన్ని కులములను వ్రాసికొనుచున్నారు. ఫారముల గుట్టలు దాచుటకు చోటు లేదనుమాట యంత్రయుగములో చెల్లదు. చట్టములోని తాళమునకు నూరేండ్ల గడువు పెట్టి, ఇష్టమైనవారి వివరములను నిలిపి ఉంచవలెనని జనగణన శాఖకును, మన పార్లమెంటు సభ్యులకును మహజర్లు పంపవలెనని మా అభిప్రాయము. మన సంఘములు చేతిమగ్గము గురించి ఎన్నో మహజర్లు వ్రాసినవి. ఇది ఒకటి ఎక్కువ కాదు.

అది నెరవేరువరకు మన లెక్క మనమే వ్రాసికొనవలెను. గోత్రనామములు, ఇంటిపేర్లు చెప్పి త్యాగము పుచ్చుకొను కునపులివారు, సింగమువారు రాక తగ్గినది. బెళ్ళందూరు అపార్ట్‌మెంటులకు వారు ఎట్లును రాలేరు. కావున ఇంటికొక పెద్ద కాగితము చాలును. ఇంటిపేరు, గోత్రము, కులదైవము, తాతముత్తాతల పేర్లు, ఏ ఊరు, అప్పుడు ఏ తాలూకా, ఏ జిల్లా, ఎన్నడు ఎందుకు ఊరు కదలిరి, కరువు వలననా, నూలు ధర వలననా, పట్టు పనికి పిలుపు వలననా, గుంటమగ్గమా, జకార్డు మగ్గమా, మరమగ్గమా, ఏ సావుకారుకు, ఏ సొసైటీకి నేసిరి. చేనేత గణన వారిచ్చిన గుర్తింపు కార్డు, పాత సొసైటీ పాసుపుస్తకము ఉన్నచో వాటి నకలు జతచేయుడు.

స్త్రీల విషయమున ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పాత జనాభా లెక్కలలో ఆడవారి పేరు చెప్పుటకు ఇంటివారు అభ్యంతరపెట్టినచో 'స్త్రీ' అని మాత్రము వ్రాసికొనవచ్చునని గణకులకు ఉత్తరువు ఉండెను. 1951-52 తొలి సాధారణ ఎన్నికల ఓటర్ల జాబితాల నుండి సుమారు 28 లక్షల స్త్రీల పేర్లను, ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి అనియే చెప్పినందున, తీసివేయవలసివచ్చినది. అవి చాలవరకు ఉత్తరాది రాష్ట్రములలోనివి. నేత ఇంటిలో ఆసు పోసినదెవరు, రాట్నము తిప్పినదెవరు, గంజి కాచినదెవరు? ఆ లెక్కలలో వారిలో ఎందరినో సంపాదించువారి గడిలో గాక ఆధారపడినవారి గడిలో వేసిరి. మన కాగితములో జేజి పేరు, ఆమె పుట్టింటి పేరు, పుట్టిన ఊరు, ఆమె చేసిన పని మొదట వ్రాయుడు. అడిగి చెప్పించుకొనుటకు ఎనుబది దాటిన పెద్దలు ఇంకను కొందరు ఇండ్లలో ఉన్నారు. వచ్చు పండుగకు ఊరికి పోయినప్పుడు ఆ పని కానిండు. ఒక ప్రతి ఇంట ఉంచుకొని, నకలు సంఘ కార్యాలయమున ఇచ్చినచో ఊరివారీగా దస్త్రము కట్టి భద్రపరచెదము. ఇచ్చినవారి అనుమతి లేనిదే ఎవరికిని చూపము.