ఆందోళనకు ఒక చిట్టా

జర్మన్ భాషలో "ఆంగ్స్ట్" అంటే భయం, ఆందోళన. ఇరుకు అనే అర్థమిచ్చే "ఎంగ్" అన్న మాటకూ దీనికీ మూలం ఒకటే. మనం వాడే "ఆందోళన" సంస్కృతం నుంచి వచ్చింది; దాని మొదటి అర్థం ఊగడం. ఛాతీ ఇరుకైనట్లుండటం, మనసు ఒకచోట నిలవక ఊగడం, ఈ రెండూ ఎరగని ఇల్లు మనలో బహుశా ఉండదు. కాని పేరు పెట్టి చెప్పుకోవడం మాత్రం తక్కువ. "బి.పి. ఏమో", "గ్యాసేమో", "దిష్టి తగిలిందేమో" అంటాం. పండుగనాడు నలుగురం కలిస్తే ఇంటి అద్దెల గురించీ, ఇండియా టిక్కెట్ల గురించీ మాట్లాడుకుంటాం. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి తెల్లవార్లూ పైకప్పు చూస్తూ పడుకున్న సంగతి పక్కవారికి చెప్పం. అందుకే ఈ నెల ఈ విషయం ఎత్తుకుంటున్నాం.

ఇది ఎందుకు వస్తుంది?

ఆపద ఎదురైనప్పుడు పారిపోవడానికో, ఎదిరించడానికో శరీరం సిద్ధమవుతుంది. అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, అరచేతులు చెమట పడతాయి, కడుపులో దేవినట్లుంటుంది. ఎదురుగా పాము ఉంటే ఇదంతా మన మేలుకే. చీకట్లో తాడును చూసి పామనుకున్నా శరీరం చేసేది ఇదే. అయితే రోజూ ఏదో ఒక తాడు కనిపిస్తూ, వారాల తరబడి నిద్రనూ, పనినీ, ఇంట్లోవారితో మాటనూ పాడుచేస్తూ ఉంటే దాన్ని జబ్బుగానే చూడాలి. జబ్బుకు వైద్యం ఉంది. దీన్ని పిరికితనమని దాచుకోవలసిన పని లేదు.

ఒక జాగ్రత్త. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు "ఇది ఆందోళనేలే" అని మనకు మనం తీర్మానించుకోకూడదు. 112కు ఫోన్ చెయ్యాలి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా, ఉబ్బసానికి పీల్చే కొన్ని మందుల వల్లా కూడా గుండె దడ వస్తుంది. వీటిలో కొన్ని మామూలు రక్తపరీక్షతోనే తేలిపోతాయి. కనుక ముందుగా మన ఇంటి డాక్టరును, అంటే హౌస్‌ఆర్ట్స్ట్‌ను, చూడటం మంచిది.

చిట్టా రాయడం ఎలా?

మన ఊళ్ళో కొట్టువారు రోజువారీ లెక్క రాసుకునే పుస్తకాన్ని చిట్టా అంటారు. అలాంటిదే ఒకటి రెండు వారాలపాటు రాయమని మా సూచన. వైద్యులు కూడా ఈ పద్ధతి వాడతారు. దడ వచ్చిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయాలి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో ఉన్నాం, దానికి ముందు ఏం జరిగింది, ఏం తిన్నాం, ఏం తాగాం, మనసులో మెదిలిన మొదటి మాట ఏది, ఆ తరువాత ఏం చేశాం. తీవ్రతకు పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవచ్చు. మార్కులు మనకు అలవాటే కదా!

"మంగళవారం సాయంత్రం 6, పోస్టు డబ్బా, పసుపు కవరు, 'వీసా పోయింది', తెరవకుండా సొరుగులో పెట్టడం, 8 మార్కులు." ఇంత రాస్తే చాలు. రెండు వారాలయ్యాక తీరికగా చదివితే, ఆకాశం నుంచి ఊడిపడిందనుకున్న దడకు వేళలూ, చోట్లూ, మనుషులూ ఉన్నట్లు కనిపిస్తుంది.

మన చిట్టాల్లో కనబడేవి

మొదటిది ఉత్తరాలు. ఈ దేశంలో ప్రభుత్వం ఉత్తరాలతో మాట్లాడుతుంది. పన్నుల ఆఫీసు, విదేశీయుల ఆఫీసు, ఇన్సూరెన్సు, ఇంటి యజమాని, అందరూ రాస్తారు. అందినట్లు రుజువు కావలసిన కాగితాలు పసుపు కవరులో వస్తాయి. కవరు మీద వేసిన తేదీ నుంచి గడువు నడుస్తుంది. భాష సగమే అర్థమైనప్పుడు మిగిలిన సగాన్ని భయం పూరిస్తుంది.

రెండవది ఉద్యోగం. ప్రొబేషను ఆరు నెలల వరకు ఉండవచ్చు. ఇక్కడ ఉండటానికిచ్చిన అనుమతి ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉన్నవారికి మేనేజరు ముఖం చిట్లించినా ఇల్లు కదిలినట్లుంటుంది.

మూడవది టెలిఫోను. ఇండియా వేళ మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పొద్దున్నే ఆరింటికి నాన్నగారు ఫోన్ చేస్తే ఇక్కడ చలికాలంలో రాత్రి ఒంటిగంటన్నర. అక్కడ పెద్దవారున్న మనకెవరికైనా ఆ గంట వినగానే ముందు తోచేది ఒక్కటే.

నాలుగవది పిల్లల చదువు. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తరువాత, బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఆరో తరగతి తరువాత, గిమ్నాజియమా, మరో రకం బడా అన్నది తేలుతుంది. పదేళ్ళ పిల్లవాడి మార్కుల కాగితాన్ని ఎంట్రన్సు పరీక్ష ఫలితంలా చూస్తాం. వేరే బడిలో చేరినా తరువాత ఆబిటూర్‌కు దారులు ఉన్నాయని మరిచిపోతాం. మన ముఖం చూసి పిల్లవాడు కడుపునొప్పి అంటాడు.

ఇక ఎవరూ అనుమానించనివి వెలుతురు, కాఫీ. డిసెంబరు 21న హైదరాబాదులో పగలు పదకొండు గంటలు. బెర్లిన్‌లో ఏడున్నర గంటల పైచిలుకు మాత్రమే. చీకటితో వెళ్ళి చీకటితో ఇంటికి వస్తాం. నిద్ర వేళలు తప్పుతాయి, కాఫీ పెరుగుతుంది. కాఫీలోని కెఫీన్‌ను 1819లో మొదట వేరుచేసిన రుంగె జర్మన్ శాస్త్రజ్ఞుడే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం 200 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో సుమారు 90 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఆరోగ్యవంతులకు రోజుకు 400 వరకు ఫరవాలేదు. ఆందోళన ఉన్నవారికి అంతకంటే తక్కువే దడ తెప్పించవచ్చు. రాత్రి వైను తాగితే ముందు హాయిగా ఉంటుంది, తెల్లవారుజామున దడ తిరిగి వస్తుంది.

దొరికిన తరువాత

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కారణం దొరికింది కదా అని దాని నుంచి పారిపోతారు. నిజానికి చిట్టాను రెండుగా విడదీయాలి.

ఒకవైపు తగ్గించవలసినవి: మధ్యాహ్నం తరువాత కాఫీ, నిద్ర చాలకపోవడం, పడుకునే ముందు వార్తలు, రోజంతా గదిలోనే ఉండటం. మబ్బుగా ఉన్నా మధ్యాహ్నం అరగంట బయట నడవాలి. ఇంటికి ఫోన్ చేసే వేళ ఒకటి స్థిరంగా పెట్టుకుని, వేళకాని వేళ అత్యవసరమైతేనే చెయ్యమని అక్కడివారికి చెబితే ఇరువైపులా నిశ్చింత.

రెండోవైపు ఎదుర్కోవలసినవి: ఉత్తరాలు, జర్మన్‌లో ఫోన్ మాట్లాడటం, ఆఫీసు సమావేశాలు. వీటిని తప్పించుకుంటే ఇవాళ ఊరట దొరుకుతుంది. రేపటికి భయం ఇంకా పెరుగుతుంది. మెట్టు మెట్టుగా ఎక్కాలి. మొదట బేకరీలో జర్మన్‌లో రొట్టె అడగాలి. తరువాత మాటలు కాగితం మీద రాసుకుని డాక్టరు అపాయింటుమెంటుకు ఫోన్ చెయ్యాలి. ఆ తరువాత ఇంటి యజమానితో. ప్రతి మెట్టు మీదా దడ కొంత దిగేవరకు నిలబడాలి. ఉత్తరం వచ్చిన రోజే తెరిచి గడువు తేదీ క్యాలెండరులో రాయాలి.

దడ వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతిని అమెరికా వైద్యుడు జేకబ్‌సన్ 1929లో పుస్తకంగా రాశారు. ఇక్కడి క్రాంకెన్‌కాసెలు ఆ తరగతులకు ఖర్చులో కొంత భరిస్తాయి.

ఇంటివారికి ఒక మాట

"ఇంత చిన్న విషయానికా?" అనకండి. "నేను చూసుకుంటాలే" అని ఫోన్లన్నీ మీరే చెయ్యకండి. అదీ తప్పించుకోవడమే అవుతుంది. పక్కన కూర్చుని వారిచేతనే చేయించండి.

డాక్టరు దగ్గరకు

ఇన్ని చేసినా తగ్గకపోతే ఆలస్యం వద్దు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకూడదు. 2017 ఏప్రిల్ నుంచి సైకోథెరపిస్టును మొదటి సంప్రదింపుకు కలిసే సౌకర్యం ఉంది. ప్రభుత్వ ఇన్సూరెన్సు ఉన్నవారికి డాక్టరు చీటీ అక్కరలేదు. 116117కు ఫోన్ చేస్తే అపాయింటుమెంటు ఇప్పిస్తారు. అసలు చికిత్స మొదలుకావడానికి నెలలు పట్టవచ్చు కనుక పేరు ముందే రాయించుకోవాలి. మీ చిట్టా తీసుకువెళ్ళండి; భాష తడబడినా అది మాట్లాడుతుంది.

ఆఫీసుకు తెలుస్తుందన్న భయం వద్దు. రోగి రహస్యం బయటపెట్టడం వైద్యులకు ఇక్కడ నేరం. 2023 జనవరి నుంచి సెలవు చీటీ కంప్యూటరు ద్వారానే వెళుతుంది. ప్రభుత్వ ఇన్సూరెన్సు ఉన్నవారి విషయంలో యజమానికి అందేది తేదీలే, జబ్బు పేరు కాదు.

రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలిఫోన్‌జేల్‌జోర్గె 0800 1110111, 24 గంటలూ ఉచితం, పేరు చెప్పనక్కరలేదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే వెంటనే 112. ఈ మూడు నంబర్లూ కత్తిరించి వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించుకోవలసిందిగా మా మనవి.