ఎర్ర స్టిక్కర్ తర్వాత ఏమిటి? పశ్చిమ ప్రకాశంలో హైరిస్క్ గర్భిణుల ప్రశ్న

గర్భిణి చేతిలో ఉండే తల్లీబిడ్డల కార్డు మీద ఎర్ర స్టిక్కర్ ఉంటే ఆమెది హైరిస్క్ గర్భం అని అర్థం. ఆకుపచ్చ స్టిక్కర్ ఉంటే అప్పటికి ప్రమాదమేమీ కనపడలేదని అర్థం. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ ఈ పద్ధతిని దేశమంతటా తెచ్చింది. నాలుగో నెలలో అడుగుపెట్టిన గర్భిణులను ప్రతి నెలా 9వ తేదీన డాక్టరే స్వయంగా చూడాలి. తీవ్రమైన రక్తహీనత, బీపీ, షుగర్, థైరాయిడ్, కవలలు, మాయ కిందికి ఉండడం, గతంలో సిజేరియన్ జరగడం, ఇరవై ఏళ్లు నిండకుండానే తొలి కాన్పు రావడం వంటివి ఉంటే గుర్తించి, ఎర్ర స్టిక్కర్ వేసి, పెద్దాసుపత్రికి పంపాలి. కాగితం మీద ఇది మంచి పథకమే.

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి వైపు ఎస్సీ కాలనీల్లో నిలబడి చూస్తే రెండు ప్రశ్నలు వస్తాయి. ఎర్ర స్టిక్కర్ పడాల్సిన ప్రతి ఒక్కరికీ పడుతోందా? పడిన తర్వాత ఆమె ఎక్కడికి వెళ్తుంది?

మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం. అందరికీ ఒకే పరీక్షలు, ఒకే పద్ధతిలో, ఒకే కొలతతో చేయాలనడం వినడానికి గుమాస్తా వ్యవహారంలా ఉంటుంది. మా దృష్టిలో అది కుల ప్రశ్న. ఎవరిని ముట్టుకుని చూడాలి, ఎవరిని దూరం నుంచే అడిగి పంపాలి, ఎవరి మాట పూర్తిగా వినాలి అన్నది చూసేవారి ఇష్టానికి వదిలేసిన ప్రతిచోటా వివక్షకు తావు ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణ, దళితులను ఆసుపత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రానివ్వకుండా అడ్డుకోవడాన్ని నేరంగా చేర్చింది. అవసరమైన సవరణే. కానీ అది గుమ్మం దగ్గర ఆపినవారిని పట్టుకుంటుంది. లోపలికి రానిచ్చి, బీపీ పట్టీ చుట్టకుండానే కార్డులో 120/80 రాసి పంపేవారిని పట్టుకోలేదు. అలాంటి చోట మనకు పనికొచ్చేది తప్పనిసరి పరీక్షల నియమం, దాని మీద లెక్క అడిగే హక్కు.

రక్తహీనతనే తీసుకోండి. కింది కనురెప్ప లాగి చూసి 'రక్తం తక్కువగా ఉందమ్మా, ఆకుకూరలు తిను' అనడం మన ఊళ్లలో పాత అలవాటు. 2018లో వచ్చిన అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలు గర్భిణులకు డిజిటల్ యంత్రంతో హిమోగ్లోబిన్ కొలవమంటాయి. అంకెను బట్టి వైద్యం మారుతుంది కాబట్టే ఆ నియమం. గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 7 నుంచి 10.9 వరకు రోజుకు రెండు ఐరన్ మాత్రలు. 5 నుంచి 6.9 అయితే నరానికి ఐరన్ ఎక్కించాలి, నెలలు నిండే దశలో ఆసుపత్రిలో చేర్చాలి. 5 కంటే తగ్గితే వెంటనే చేర్చి రక్తం ఎక్కించే ఏర్పాటు చేయాలి. 7.2కీ 6.8కీ మధ్య తేడా కనురెప్ప చెప్పదు. ఆ తేడాయే ఎర్ర స్టిక్కర్. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం మందికి పైగా ఉన్నదాన్ని కంటిచూపుతో వేరు చేయడం కుదిరే పని కాదు.

షుగర్ పరీక్ష కూడా అంతే. గర్భిణి తిని వచ్చినా తినకుండా వచ్చినా 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత చూడాలని జాతీయ మార్గదర్శకం. 140 లేదా ఆపైన వస్తే గర్భకాలపు షుగర్ ఉన్నట్టు. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య ఇంకోసారి చేయాలి. రెండు గంటలు కూర్చోవాలంటే కూర్చోవడానికి నీడ ఉండాలి, ఆ రోజు కూలి పోయినా ఫరవాలేదనుకునే పరిస్థితి ఉండాలి. మిరపకోతల కాలంలో ఆ పరిస్థితి ఎవరికి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

దేశమంతటికీ ఒకే పట్టిక ఉండడంలో ఒక చిక్కు కూడా ఉంది. ఆ పట్టికలో నీళ్లు లేవు. ఫ్లోరోసిస్ మీద దేశంలో తొలి శాస్త్రీయ నివేదికలు 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచే వచ్చాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి ఇటు వచ్చి చేరాయి. జిల్లా పేరు మారినా బోరునీళ్లలో ఫ్లోరైడ్ పోలేదు, వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూపులూ పోలేదు. ఫ్లోరైడ్‌కూ గర్భిణుల రక్తహీనతకూ సంబంధం ఉందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. అలాంటప్పుడు పశ్చిమ ప్రకాశంలో గర్భిణిని 'ఏ నీళ్లు తాగుతున్నావు' అని అడగడం పరీక్షలో భాగం కావాలి. అందరికీ సమానమైన కనీస ప్రమాణం ఉండాలి, దాని మీద ప్రాంతం కోరే అదనపు ప్రశ్నలు ఉండాలి. రెండోది అడిగినంత మాత్రాన మొదటిది బలహీనపడదు.

ఇక స్టిక్కర్ పడిన తర్వాత సంగతి. క్లిష్టమైన కేసు అనగానే వినిపించే మాట 'ఒంగోలు తీసుకుపోండి'. మార్కాపురం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, గిద్దలూరు నుంచి ఇంకా చాలా ఎక్కువ. గిద్దలూరువాళ్లకు నల్లమల ఘాట్ దాటితే నంద్యాల దగ్గర, కానీ అది వేరే జిల్లా. గుర్రపువాతంతో ఫిట్స్ వచ్చిన మనిషికీ, కాన్పయ్యాక రక్తం ఆగని మనిషికీ జిల్లా సరిహద్దులు తెలియవు. ఏ స్టిక్కర్‌కు ఏ ఆసుపత్రి, అక్కడ రక్తం ఉందా, మత్తు డాక్టర్ ఉన్నారా, బండి ఎవరు పంపుతారు అన్నది కూడా ముందే రాసి ఉండాలి. అది లేని స్క్రీనింగ్ ప్రమాదం గురించి చెప్పి చేతులు దులుపుకోవడమే. మార్కాపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల వస్తే ఈ దూరం తగ్గుతుందని జనం ఆశపడ్డారు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పీపీపీ పద్ధతిలో అప్పగించాలని నిర్ణయించిన పది కళాశాలల్లో అదీ ఉంది. ఎర్ర స్టిక్కర్‌తో వచ్చిన కూలీ మనిషికి అక్కడ మంచం ఏ షరతు మీద దొరుకుతుందన్నది ఈ చర్చలో మనం వదలకూడని ప్రశ్న.

2022లో ఈ పథకానికి అదనపు నియమాలు వచ్చాయి. హైరిస్క్ గర్భిణిని పేరుతో సహా నమోదు చేసి, ఆశా కార్యకర్త తోడుగా మరో మూడుసార్లు పరీక్షకు తీసుకువెళ్లి, కాన్పయ్యాక 45వ రోజు వరకు గమనించాలి. అయితే మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. అత్తగారి ఊరి ఆశాకు తెలిసిన ప్రమాదం పుట్టింటి ఊరి ఆశాకు తెలియదు. హైదరాబాదుకో గుంటూరు వైపుకో పనికి వలసపోయిన జంట సంగతి మరీ కష్టం.

ఈ ఖాళీలో పడి ప్రాణం పోగొట్టుకున్న ఒక పేద స్త్రీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2010 జూన్ 4న తీర్పు ఇచ్చింది. శాంతీదేవి బిహార్ నుంచి ఫరీదాబాద్‌కు వలస వచ్చిన మనిషి. ముందు కాన్పులోనే బిడ్డ కడుపులో చనిపోయింది, తీవ్ర రక్తహీనత ఉంది. అన్నీ తెలిసి ఉన్నా, తర్వాతి గర్భంలో ఆమె ఇంట్లోనే, ఏ వైద్య సాయమూ లేకుండా ప్రసవించి చనిపోయింది. తల్లి ప్రాణం కాపాడే వైద్యం జీవించే హక్కులో భాగమేననీ, చోటు మారినంత మాత్రాన పథకాల హక్కు పోకూడదనీ కోర్టు చెప్పింది.

రాష్ట్రంలో మాతృ మరణాలు బాగా తగ్గాయి కదా అనేవారు ఉంటారు. నిజమే. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మరణాలు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 45. కానీ ఆ లెక్క కులం వారీగా రాదు, ఎస్సీ స్త్రీలకు ఎంతో చెప్పదు. ఆరోగ్య కేంద్రంలో గర్భిణిని నమోదు చేసే రిజిస్టర్‌లో మాత్రం ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అనే గడి ఉంది. నింపుతున్నారు, బయటికి చెప్పడం లేదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లోని విద్యార్థి మిత్రులు సమాచార హక్కు కింద ఒక్కో పీహెచ్‌సీని అడగదగ్గ వివరాలు ఇవే: గత ఏడాది నమోదైన ఎస్సీ గర్భిణులు ఎందరు, యంత్రంతో హిమోగ్లోబిన్ చూసినది ఎందరికి, గ్లూకోజ్ పరీక్ష రెండుసార్లూ జరిగినది ఎందరికి, ఎర్ర స్టిక్కర్ పడినది ఎందరికి, వాళ్లలో పెద్దాసుపత్రికి చేరినవారు ఎందరు. పేర్లు అడగవద్దు, సంఖ్యలు చాలు.