ఇది స్టారా, ఇడ్లీయా?

పోయినేడు డిసెంబరు మూడో వారంలో మా ఓవెన్‌లోకి ఒక ట్రే నిండా నక్షత్రాలు వెళ్లాయి. పన్నెండు నిమిషాలయ్యాక బయటికొచ్చినవి మాత్రం నక్షత్రాలు కావు. అయిదు మూలలూ అరిగిపోయి, పక్కదాన్ని ఒరుసుకుంటూ గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. "నాన్నా, ఇది స్టారా, ఇడ్లీయా?" అంది మా అమ్మాయి. రుచికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే వాటిమీద బొమ్మలేద్దామని కొన్న రంగులూ కోన్లూ ఆ పూటకి డబ్బాలోనే ఉండిపోయాయి.

మా కింది వాటాలోని పిన్నిగారింటి నుంచి క్రిస్మస్‌కి ఏటా పళ్లెం వస్తుంది. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు. ఆ గులాబీ పువ్వుల్ని చూస్తే ఈసారి నాకు కాస్త కుళ్లు పుట్టింది. అచ్చు ఎలా ఉందో పువ్వు అలాగే ఉంది, ఒక్క రెక్క కూడా చెదరలేదు. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. నూనెలో కాలిన అచ్చును జారుపిండిలో ముంచగానే అంటుకున్న పొర అక్కడికక్కడే గట్టిపడుతుంది. ఆకారం పోగొట్టుకునే వ్యవధి దానికి ఉండదు. కుకీ సంగతి అలా కాదు. కటర్‌తో కోసి ట్రేలో పెట్టాక దాన్ని పట్టి ఉంచే అచ్చేమీ లేదు. కరిగేది ముందు కరుగుతుంది, గట్టిపడేది తర్వాత గట్టిపడుతుంది. మధ్యలో ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే మా నక్షత్రాలు జారిపోయాయి.

ముందు కరిగేది వెన్న. బజారులో దొరికే బటర్‌లో కనీసం 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీరు ఉంటాయి. అందులో ఉన్నది ఒకే రకం కొవ్వు కాదు, చాలా రకాల కలగలుపు. అందుకే నీటిగడ్డలా ఒకే డిగ్రీ దగ్గర కరగదు. 20 డిగ్రీల దగ్గర వేలికి లొంగుతుంది, 35 డిగ్రీలకల్లా నూనె అయిపోతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు కాబట్టి వెన్న బిస్కట్టు నోట్లో వేసుకోగానే వెన్నలా జారుతుంది. 175 డిగ్రీల ఓవెన్‌లోకి వెళ్లాక ఇక చెప్పేదేముంది? తోడుగా పంచదార ముద్దలోని కాస్త నీటిలోనే కరిగి పాకమై, ముద్దను మరింత జారుగా చేస్తుంది. ఈ జారుడును ఆపాల్సినవి గుడ్డులోని, మైదాలోని ప్రోటీన్లు. గుడ్డు ప్రోటీన్లు బిగుసుకోవడం మొదలయ్యేదే 60 డిగ్రీలు దాటాక. కొవ్వు కరిగిపోయాక, ప్రోటీన్లు ఇంకా బిగుసుకోకముందు, ఆ ముద్ద ఎవరి మాటా వినదు.

నా తప్పు అంతకన్నా ముందే జరిగింది. కటర్లతో కోసి, అలంకరించే ఈ క్రిస్మస్ కుకీలు చలిదేశాల అలవాటు. 'కుకీ' అన్న మాట డచ్చి వాళ్లది, చిన్న కేకు అని అర్థం. జర్మనీ ఇళ్లల్లో క్రిస్మస్‌కి ముందు వారాలన్నీ ఇదే పని. ఆ వంటకాలు రాసినవాళ్లు 'రూమ్ టెంపరేచర్‌లో ఉన్న వెన్న తీసుకోండి' అంటే వాళ్ల గది, వాళ్ల చలి. అంటే ఇంచుమించు 20 డిగ్రీలు. నేనేమో మధ్యాహ్నం పూట మన వంటింట్లో గంటసేపు గట్టు మీద పెట్టాను. డిసెంబరైనా ఇక్కడ 28 డిగ్రీలకు తక్కువ లేదు. అప్పటికే వెన్న సగం నూనె.

ఆ తేడా ఎక్కడ దెబ్బ తీస్తుందంటే, వెన్నా పంచదారా కలిపి గిలకొట్టే చోట. పంచదార పలుకుల పదునైన అంచులు వెన్నను చీలుస్తూ సన్నటి గాలి బుడగల్ని లోపలికి లాక్కుపోతాయి. మెత్తగా ఉండీ కరగని వెన్న ఆ బుడగల్ని పట్టి ఉంచుతుంది, నూనె అయిన వెన్న వదిలేస్తుంది. బేకింగ్ పౌడర్ ఉందిగా అనుకుంటాం. కానీ అది వదిలే వాయువు ఉన్న బుడగల్ని ఉబ్బించగలదే తప్ప కొత్త బుడగల్ని పుట్టించలేదు.

వంటసోడా అయితే కటర్ కుకీల్లో వేయకపోవడమే మేలు. వేడికి విడిపోయి వాయువునిస్తుంది సరే, ముద్దకు క్షారగుణం కూడా తెస్తుంది. దాంతో ప్రోటీన్లు బిగుసుకోవడం ఆలస్యమై కుకీ ఇంకా పరుచుకుంటుంది, రంగూ తొందరగా తిరుగుతుంది. ఈ రంగు తిరగడం వెనక ఉన్న రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ వివరించాడు. ప్రోటీన్ల తాలూకు అమైనో ఆమ్లాలూ కొన్ని రకాల చక్కెరలూ వేడికి కలిసి గోధుమ రంగునీ, కమ్మటి వాసననీ పుట్టిస్తాయి. కాల్చిన రొట్టెదీ, వేయించిన కాఫీ గింజదీ ఇదే కథ. మామూలు పంచదార నేరుగా ఇందులో పాల్గొనదు. బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి, అవి పాల్గొంటాయి. అందుకే బెల్లం కుకీ అదే వేడికి ముందే ఎర్రబడుతుంది. తినడానికి నాకు అదే ఇష్టం. బొమ్మలేయడానికి మాత్రం పాలిపోయిన కుకీయే కావాలి. ఇక ఓవెన్ ముల్లు 180 చూపిస్తుంటే లోపల నిజంగా ఎంత ఉందో ఆ ఓవెన్‌కే ఎరుక. లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొంటే ఈ గొడవ తీరుతుంది.

ఆ శనివారం రెండో విడత పెట్టాను. ఈసారి వెన్న పావుగంటే బయట ఉంది. ముద్దను రెండు బటర్ పేపర్ల మధ్య చపాతీ కర్రతో వత్తి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు కోశాను. కోసిన నక్షత్రాలు ట్రేతో సహా మళ్లీ పావుగంట ఫ్రిజ్‌లోకే వెళ్లాయి. చల్లటి వెన్న కరగడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆ లోపల అంచులు నిలదొక్కుకుంటాయి. ఆగడంలో ఇంకో లాభం ఉంది. పరోటా పిండిని నానబెడితే సాగదీసిన ముద్ద మళ్లీ ముడుచుకోకుండా ఉంటుంది కదా, మైదాలోని గ్లూటెన్ ఇక్కడా అలాగే సడలుతుంది. మిగిలిన ముక్కల్ని పోగేసి మూడోసారీ నాలుగోసారీ వత్తితే మాత్రం కుకీ గట్టిపడుతుంది. అలాంటివి ఇంట్లో వాళ్లకి.

ఓవెన్‌లోంచి తీసినప్పుడు మెత్తగా ఉంటే కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి. వేడి మీద పల్లీ చిక్కీ కూడా వంగుతుంది. చల్లారితే పాకం గాజులా బిగుస్తుంది, వెన్న మళ్లీ గడ్డకడుతుంది.

ఇక ఐసింగ్. నాకు బాగా నచ్చిన లెక్క ఇందులోనే ఉంది. రెండు గుడ్ల తెల్లసొన, 400 గ్రాముల ఐసింగ్ షుగర్ కలిపితే రాయల్ ఐసింగ్ అవుతుంది. రెండు తెల్లసొనలు కలిపి 65 గ్రాముల పైచిలుకు తూగుతాయి, అందులో దాదాపు 60 గ్రాములు నీరే. మామూలు గది వేడిలో నీరు తన బరువుకు రెట్టింపు పంచదారను కరిగించుకుంటుంది. అంటే కరిగేది సుమారు 120 గ్రాములు. మిగతా 280 గ్రాములు కరగకుండా మెత్తటి పొడిగానే చిక్కటి పాకంలో తేలుతుంటాయి. పంచదారకు సొంత రంగు లేదు. లెక్కలేనన్ని ఆ రేణువుల మీద పడి వెలుగు చెదిరిపోవడం వల్ల ఐసింగ్ తెల్లగా కనిపిస్తుంది. ఆరుతున్నకొద్దీ నీరు ఆవిరవుతుంది, కరిగిన పంచదార కూడా ఆ రేణువుల మీదే పేరుకుని వాటిని ఒకదానితో ఒకటి అతికిస్తుంది. గిలకొట్టినప్పుడు విప్పుకున్న తెల్లసొన ప్రోటీన్లు సన్నటి పొరలై గాలి బుడగల్ని పట్టుకుంటాయి. గిన్నెకు వెన్న జిడ్డో, చుక్క పచ్చసొనో అంటిందంటే ఆ పొరలు నిలవవు.

పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండే భయముంది గనక చాలామంది మెరింగ్ పౌడర్, అంటే ఎండబెట్టిన తెల్లసొన పొడి, వాడతారు. గుడ్డు తినని ఇళ్లకు ఇంకో దారి ఉంది. కాబూలీ శనగలు ఉడికించి మనం సింకులో పారబోసే నీళ్లను చిక్కబరిచి గిలకొడితే తెల్లసొనలాగే నురగ కడతాయి. 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే గాయకుడు ఈ సంగతి కనిపెట్టి నలుగురికీ చెప్పాడు. వాసన రాదా అంటే, అంత పంచదార పడ్డాక ఏ వాసనైనా ఏం చేస్తుంది?

గోరింటాకు కోన్ పట్టిన చేతికి ఐసింగ్ కోన్ కొత్తేమీ కాదు. నొక్కితే జారాలి, వదిలితే గీసిన చోటే నిలవాలి. ముగ్గులో గీత ముందు, రంగు తర్వాత వచ్చినట్టు, గట్టి ఐసింగ్‌తో గట్టు కట్టి, నీటి చుక్కలతో పలచన చేసిన దాన్ని లోపల పోస్తారు. పలచన ఎంతంటే, చాకు మొనతో గీత గీస్తే ఒకటి నుంచి పదిహేను లెక్కపెట్టే లోపు ఆ గీత మాసిపోవాలి. తీగపాకం, ఉండపాకం చూసిన కంటికి ఇదేమంత కష్టం కాదు.

మా అమ్మాయి వేసిన మొదటి క్రిస్మస్ తాతకు గులాబీ రంగు గడ్డం వచ్చింది. ఎర్ర చొక్కా ఆరకముందే పక్కన తెలుపు పోసింది. రంగు నీటిలో కరిగి ఉంటుంది, నీరు ఎటు పాకితే అటు పోతుంది. చొక్కా పైపొర ఆరేదాకా ఆగాలి. ఫ్యాన్ కింద పెడితే ఆ పొర తొందరగా కడుతుంది, మెరుపూ నిలుస్తుంది. ఆరాలి కదా అని ఫ్రిజ్‌లో పెట్టారో, బయటికి తీయగానే చల్లటి కుకీ మీద గాలిలోని తేమ చెమటలా పట్టి బొమ్మంతా అలుక్కుపోతుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే పంచదార దానంతటదే ఆ తేమను పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. తీరం ఊళ్లలో తెల్లవారుజామున అంత తేమ అరుదేం కాదు. అందుకని రాత్రంతా ఫ్యాన్ కింద ఆరిన కుకీల్ని పొద్దున్నే మూత బిగుతుగా ఉన్న డబ్బాలోకి సర్దాం.

పండగనాడు పళ్లెం మార్పిడికి కిందికి వెళితే పిన్నిగారు ఒక నక్షత్రాన్ని తీసుకుని, మూలలు వేలితో తడిమి చూశారు.

"అచ్చు కాల్చకుండా ఇంత పదునుగా ఎలా తీశావు బాబూ?"

"ఫ్రిజ్‌లో పెట్టానండి, పిన్నిగారూ."